మూడో అంకె మారితే ఏం మారుతుంది?

(పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వెర్షన్ నంబర్ల మీద శనివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి. నేను అడిగేది ఎప్పుడూ వెనక వరసవాళ్ళనే.

ఒక ల్యాబ్ ఎగ్జామ్ సంగతితో మొదలుపెడతాను. కాలేజీ పేరు వద్దు. 2022 చివర్లో అక్కడికి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళాను. ఒక అమ్మాయికి ఫాక్టోరియల్ ప్రోగ్రాం పడింది, అంటే 1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించడం. ఆరేడు లైన్లలో శుభ్రంగా రాసింది. 5 ఇస్తే 120 వచ్చింది. 10 ఇస్తే 3628800. అక్కడితో ఊరుకుంటే పోయేది. నాకు సరదా పుట్టింది. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు హద్దు లేదు కదా, అది చూపిద్దామని "2000 ఇవ్వమ్మా, చూద్దాం" అన్నాను. ఇచ్చింది. స్క్రీన్ మీద ఎర్రర్. వాల్యూ ఎర్రర్, అంటే ఈ విలువ కుదరదని. పాపం, ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఎగ్జామ్ టెన్షన్‌లో ఎర్ర అక్షరాలు కనిపిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

పక్క సిస్టంలో కూర్చున్న అబ్బాయిదీ అదే ప్రోగ్రాం. అతన్నీ 2000 ఇవ్వమన్నాను. స్క్రీన్ నిండా అంకెలు. 2000 ఫాక్టోరియల్‌లో 5,736 అంకెలుంటాయి, అవన్నీ వచ్చి పడ్డాయి. ప్రోగ్రాం ఒకటే. రెండు సిస్టంలలోనూ పైథాన్ 3.10. మరి ఒకచోట వచ్చి, ఇంకోచోట ఎందుకు రాలేదు?

ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి, "సార్, ఆ సిస్టం మొన్న ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కించాం" అన్నాడు. అప్పుడు వెర్షన్ చూశాం. అబ్బాయి దగ్గర 3.10.6. అమ్మాయి దగ్గర 3.10.8. తేడా ఎక్కడుంది? మూడో అంకెలో. అందరూ "అబ్బే, చిన్న అప్‌డేట్ కదా" అని వదిలేసే ఆ మూడో అంకెలో. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా ఆ అంకె గురించే.

ముందుగా, ఈ మూడు అంకెల లెక్క ఏమిటో చెప్పుకుందాం. తెలిసినవాళ్ళు రెండు నిమిషాలు ఓపిక పట్టండి. 3.10.8లో మొదటి 3 ఉంది చూశారూ, అది మారడమంటే ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టడమే. 2008 డిసెంబరులో 3.0 వచ్చినప్పుడు అదే జరిగింది, ఆ దుమ్ము సర్దుకోడానికి పదేళ్ళు పైనే పట్టింది. రెండో అంకె ఏడాదికోసారి, అక్టోబరులో మారుతుంది. కొత్త వసతులన్నీ అందులోనే వస్తాయి. ఇక మూడో అంకె. దాదాపు రెండు నెలలకోసారి మారుతుంది. వానాకాలం ముందు ఇంటి పెంకులు సర్దించడం లాంటిది. చిల్లుపడ్డ పెంకు తీసి మంచిది పెడతారు, అంతే. కొత్త గది కట్టరు, గుమ్మం జరపరు.

ఇది నా మాట కాదు, వాళ్ళు రాసుకున్న నియమమే. పైథాన్ వాళ్ళు తమ నియమాలు రాసుకునే పత్రాలను పెప్ అంటారు. పెప్ 6 అని ఒక పాత పత్రం ఉంది. మూడో అంకె మారే విడుదలలో కొత్త ఫీచర్లు పెట్టకూడదని అందులో ఉంది. నియమం ఒక్కటే కాదు, దాని వెనక గట్టి ఏర్పాట్లు కూడా ఉన్నాయి. పైథాన్ మీ ఫైలును నడిపే ముందు బైట్‌కోడ్‌గా, అంటే తాను నడపగలిగే లోపలి రూపంలోకి, మార్చి పక్కన దాచుకుంటుంది. 3.10.2 దాచిన ఆ బైట్‌కోడ్‌ను 3.10.9 మారు మాట్లాడకుండా వాడుకుంటుంది. సీ భాషలో రాసిన లైబ్రరీలు ఉంటాయి కదా, లెక్కల కోసం వాడే నంపై లాంటివి. 3.10.2 కోసం కంపైల్ చేసినది 3.10.9లో కూడా నడుస్తుంది. అదే 3.10 నుంచి 3.11కి వెళ్ళండి, లైబ్రరీలన్నీ మళ్ళీ ఎక్కించుకోవాలి. అందుకే 3.10.8 ఇన్‌స్టాల్ చేస్తే అది 3.10.6 పక్కన కూర్చోదు, దాని మీదే కూర్చుంటుంది. అదే ఫోల్డరు, అవే ప్యాకేజీలు. ఇంటాయన ఊరెళ్ళొచ్చేసరికి పెంకులు మారిపోయి ఉంటాయి, ఆయనకు తెలియను కూడా తెలియదు.

నియమం ఇంత గట్టిది కదా, మరి ఆ అమ్మాయి ప్రోగ్రాం ఎందుకు పడిపోయింది?

దానికి ముందు ఒక పాత కథ. మీలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. 2002 ఏప్రిల్‌లో పైథాన్ 2.2.1 వచ్చింది. మూడో అంకె విడుదలే. అందులో ట్రూ, ఫాల్స్ అనే రెండు పేర్లు చేర్చారు. అవునండీ, అంతకుముందు పైథాన్‌లో ఆ పేర్లే లేవు. నిజమంటే 1, అబద్ధమంటే 0. అసలైన బూలియన్ రకం 2.3లో రావాల్సి ఉంది. ఈలోగా జనానికి అలవాటు అవుతుందని, ట్రూ అంటే 1, ఫాల్స్ అంటే 0 అని 2.2.1లోనే పెట్టేశారు. ఎంత చిన్న విషయం! రెండు పేర్లు. ఎవరికి నష్టం?

నష్టం ఎలా వచ్చిందో చూడండి. 2.2.1 ఉన్న ఒకాయన ట్రూ అని రాసి ప్రోగ్రాం పంపించాడు. "దీనికి పైథాన్ 2.2 కావాలి" అన్నాడు. అవతలివాడి దగ్గర ఉన్నది 2.2. నడిపితే ట్రూ అంటే ఎవరో తెలియదంది. "నా దగ్గర 2.2 ఉంది కదా" అని ఇతను, "నాది కూడా 2.2నే కదా" అని అతను. మన ల్యాబ్ కథే, ఇరవై ఏళ్ళ ముందు. పైథాన్ వాళ్ళు "మూడో అంకెలో కొత్తది పెట్టొద్దు" అని ఎవరికైనా చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ ట్రూ, ఫాల్స్ సంగతే ఎత్తుతారు. నిజం, అబద్ధం రెండూ ఒకే రోజు వచ్చి తగువు పెట్టాయన్నమాట.

సరే, అది అనుభవం లేని రోజుల్లో జరిగిన పొరపాటు. 2022లో జరిగింది పొరపాటు కాదు. తెలిసి చేసింది.

4300 కథ

2022 సెప్టెంబరు మొదటి వారంలో ఒకేసారి నాలుగు విడుదలలు వచ్చాయి. 3.10.7, 3.9.14, 3.8.14, 3.7.14. నాలుగింటిలోనూ ఒకే మార్పు. పూర్ణసంఖ్యను దశాంశ స్ట్రింగ్‌గా, అంటే తెర మీద కనిపించే అంకెల వరసగా, మార్చాలన్నా, స్ట్రింగ్‌ను పూర్ణసంఖ్యగా మార్చాలన్నా 4300 అంకెలు దాటకూడదు. దాటితే వాల్యూ ఎర్రర్. పైథాన్‌లో సంఖ్యకు హద్దు లేదని పుస్తకాల్లో చదువుకున్నాం. ఇప్పటికీ లేదు. 2000 ఫాక్టోరియల్‌ను ఆ అమ్మాయి ప్రోగ్రాం సరిగ్గానే లెక్కకట్టింది. లోపల జవాబు తయారుగా ఉంది. బయటికి చెప్పమంటేనే నోరు విప్పలేదు.

ఎందుకు పెట్టారు ఈ హద్దు? ఇది కొంచెం నిదానంగా చూద్దాం, అసలు రుచి ఇక్కడే ఉంది.

మీరు పదుల్లో రాస్తారు. కంప్యూటర్ రెండుల్లో దాచుకుంటుంది. పైథాన్ పెద్ద సంఖ్యను 30 బిట్ల ముక్కలుగా చేసి వరసగా పెట్టుకుంటుంది. ఇప్పుడు మీరు 7, 3, 4, 5 అంటూ సాగే ఒక పొడుగాటి స్ట్రింగ్ ఇచ్చారు. ముందు 7 తీసుకుంది. తర్వాత 3 వచ్చింది. ఏడును పదితో గుణించి మూడు కలిపింది, 73. తర్వాత 4. డెబ్బై మూడును పదితో గుణించి నాలుగు కలిపింది. నిజానికి ఒక్కో అంకె కాకుండా గుత్తులు గుత్తులుగా తీసుకుంటుంది, కానీ పని తీరు అదే. గమనించారా? కొత్త అంకె వచ్చినప్పుడల్లా అప్పటిదాకా పోగైన సంఖ్య మొత్తాన్ని మళ్ళీ మొదటి నుంచి గుణించాలి. సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో గుణకారమూ పెద్దదవుతుంది. పలక మీద నాలుగంకెల గుణకారం చేసి చెరిపి, ఐదంకెలది చేసి చెరిపి, ఆరంకెలది చేసి చెరిపి... ఇదీ వరస. కాబట్టి అంకెలు రెట్టింపైతే పని రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పదింతలైతే పని వందింతలు.

5 లక్షల అంకెల స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చడానికి మంచి ప్రాసెసర్ మీద కూడా ఒక సెకను పైనే పట్టేదని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. 5 లక్షల అంకెలంటే ఎంత? అర మెగాబైటు. పొద్దున్నే మీ బాబాయిగారు పంపే గుడ్ మార్నింగ్ ఫొటో అంత కూడా ఉండదేమో. దాన్ని పదింతలు చేయండి, 5 మెగాబైట్లు. పని వందింతలు. అంటే వంద సెకన్ల పైమాట. ఆ వంద సెకన్లూ ఆ ప్రాసెస్‌లో మిగతా థ్రెడ్లన్నీ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే, ఎందుకంటే ఈ గుణకారం జరుగుతున్నంతసేపూ ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే పైథాన్ లోపలి తాళం దాని దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు చెడ్డవాడిలా ఆలోచించండి. వెనక వరసా, మీకిది ఇష్టమైన పని కదా. ఒక సర్వర్ ఉంది. జేసన్, అంటే పేర్లూ విలువలూ గడులుగా రాసి పంపే ఫార్మాట్, తీసుకుంటుంది. అందులో "వయసు" అని ఒక గడి ఉంది. ఆ గడిలో మీరు 50 లక్షల అంకెల వయసు రాసి పంపారు. సర్వర్ దాన్ని సంఖ్యగా మార్చబోయి కూలబడుతుంది. అలాంటివి ఒక పది పంపితే? పాస్‌వర్డ్ అక్కర్లేదు, హ్యాకింగ్ విద్య ఏమీ అక్కర్లేదు. పొడుగాటి వయసు ఉంటే చాలు.

భద్రతా లోపాల జాబితాలో ఈ లోపానికి సీవీఈ-2020-10735 అని నంబరు ఇచ్చారు. నంబరులో ఏడాది చూడండి. 2020. సరిదిద్దింది 2022లో.

మరి 4300 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? 4000 కాదు, 5000 కాదు, 4096 కూడా కాదు. ఏదో లోతైన గణితం ఉందనుకుని నేను సోర్స్ కోడ్ తెరిచి చూశాను. అక్కడ కామెంట్‌లో ఉన్నది చదివి నవ్వొచ్చింది. ఇప్పటి మెషీన్ల మీద మరీ నెమ్మదిగా ఉండకూడదు, అదొక కారణం. రెండోది, అప్పటికే జనం దగ్గర ఉన్న నంపై లైబ్రరీ టెస్టులు ఫెయిల్ కాకూడదు. ఆ టెస్టులు పాసవ్వాలంటే హద్దు ఆ మాత్రం ఉండాలి. అందుకని 4300. లక్షలమంది వాడే భాషలో ఒక హద్దు పక్కింటివాళ్ళ టెస్టు ఫైలు చూసి నిర్ణయమైంది. నేనైతే దాన్ని తప్పుపట్టను. పెళ్ళి పందిరి వేసేటప్పుడు పక్కింటి కొబ్బరి మట్ట తగలకుండా కర్ర ఎంత పొడుగు కొట్టాలో చూసుకుంటాం కదా, అలాంటిదే.

ఇంటికెళ్ళి ప్రయత్నించండి. రెండు పవర్ 14284 ప్రింట్ చేయండి, వస్తుంది, సరిగ్గా 4300 అంకెలు. 14285 ఇవ్వండి, రాదు. ఇంకో తమాషా. పైథాన్‌లో రాండమ్ మాడ్యూల్ వెనకున్న పద్ధతి పేరు మెర్సెన్ ట్విస్టర్. రెండు పవర్ 19937 నుంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధానసంఖ్య మీద ఆధారపడింది కాబట్టి ఆ పేరు. అందులో 6002 అంకెలుంటాయి. అంటే తన సొంత మాడ్యూల్‌కు పేరు తెచ్చిన సంఖ్యను పైథాన్ మామూలుగా అడిగితే ప్రింట్ చేయదు!

హెక్స్‌లో, అంటే పదహారు అంకెల పద్ధతిలో, అడగండి, చేస్తుంది. ఎందుకో ఎవరైనా చెప్తారా? అవును, కరెక్ట్. హెక్స్‌లో ఒక్కో అంకె సరిగ్గా నాలుగు బిట్లు. గుణకారం లేదు, ఇటుకలు పేర్చినట్టు పేర్చుకుంటూ పోవడమే. అంకెలు రెట్టింపైతే పని కూడా రెట్టింపే. అందుకే బైనరీ (రెండు అంకెలది), ఆక్టల్ (ఎనిమిది అంకెలది), హెక్స్‌లకు ఈ హద్దు లేదు.

ఇక గొడవ సంగతి. గణితం వాళ్ళకు కోపం వచ్చింది, వచ్చి తీరుతుంది. పై (π) విలువను పదివేల అంకెల దాకా లెక్కించేవాళ్ళున్నారు. పెద్ద ప్రధానసంఖ్యలతో పనిచేసేవాళ్ళున్నారు. పాఠాలు చెప్పే నాలాంటివాళ్ళున్నారు. "మేము వెబ్ సర్వర్ నడపడం లేదు, మమ్మల్ని ఎందుకు కట్టేశారు?" అన్నారు. వాళ్ళ ఫిర్యాదులో ఒక సూక్ష్మం ఉంది. స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చేటప్పుడు వాల్యూ ఎర్రర్ రావడం కొత్తేమీ కాదు, అక్షరాలు ఇస్తే ఎప్పుడూ వచ్చేదే. అందరూ దానికి సిద్ధంగానే కోడ్ రాస్తారు. కానీ సంఖ్యను ప్రింట్ చేస్తే ఎర్రర్ రావడం ఎప్పుడైనా చూశారా? ముప్పై ఏళ్ళలో ఎవరూ చూడలేదు. లాగ్ ఫైలులో ఒక విలువ రాద్దామనుకుంటారు, ఆ లాగ్ లైనే ప్రోగ్రాంను పడగొడుతుంది. చెప్పుకోడానికే లేకుండా పోతుంది.

ఇంకో ఫిర్యాదు ఇంకా గట్టిది. ఈ నిర్ణయం భద్రతా బృందం లోపలే జరిగింది. లోపం బయటపడకూడదు కాబట్టి చర్చ కూడా బయట జరగలేదు. "రెండేళ్ళు దాచి ఉంచారు కదా, ఇప్పుడు నెల రోజులు చర్చిస్తే కొంప మునుగుతుందా?" అన్నారు. నాకు ఈ మాటలో న్యాయం కనిపిస్తుంది.

ఆ రోజు ల్యాబ్ నుంచి ఇంటికి వెళ్తూ నేనూ తిట్టుకున్నాను, దాచడమెందుకు. ఇప్పుడు అడిగితే మాత్రం హద్దు పెట్టడం సరైనదే అంటాను, పెట్టిన తీరు బాగాలేదంటాను. పై విలువ లెక్కించేవాడికి ఎర్రర్ కనిపిస్తుంది, ఎర్రర్‌లోనే మందు పేరు కూడా రాసి ఉంది. సిస్ మాడ్యూల్‌లో ఒక ఫంక్షన్ పిలిచి హద్దు పెంచుకోవచ్చు. సున్నా ఇస్తే హద్దే ఉండదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, కమాండ్ లైన్ ఆప్షన్ ఉంది. ఒక్క లైను పని. అదే సర్వర్ నడిపేవాడికి? వాడికి ఈ లోపం ఉందనే తెలియదు. తెలియనివాడు తాళం ఎలా వేసుకుంటాడు?

తాళం ఎవరు వేయాలి?

నిజంగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. తలుపు బిగించి, తాళం వేసుకోవడం మీకే వదిలేయడం ఒక పద్ధతి. తాళం వేసేసి, ఆ తర్వాత చెవి ఇవ్వడం ఇంకో పద్ధతి. పైథాన్ వాళ్ళు రెండూ చేశారు, వేర్వేరు సందర్భాల్లో.

2011 డిసెంబరులో జర్మనీలో జరిగిన ఒక సదస్సులో ఇద్దరు పరిశోధకులు హ్యాష్ టేబుళ్ళను, అంటే పేరును బట్టి గూడు లెక్కకట్టి డేటా దాచే ఏర్పాటును, ఎలా కుప్పకూల్చవచ్చో చూపించారు. పైథాన్, పీహెచ్‌పీ, జావా, రూబీ అన్నీ చిక్కుకున్నాయి. పైథాన్‌లో డిక్షనరీ అంటే అలాంటి టేబులే. అందులో ఒకే గూట్లో పడేలా ఎంచి ఎంచి వేల పేర్లు పంపితే, అది గూడు వెతుక్కుంటూనే ఉంటుంది. విరుగుడు ఏమిటి? ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ గూళ్ళ లెక్కను తారుమారు చేసేయడం. ఆ విరుగుడు 2012లో 2.7.3, 3.2.3 లాంటి మూడో అంకె విడుదలల్లో వచ్చింది. కానీ తాళం వేయలేదు. కావాలంటే మీరే ఆన్ చేసుకోండి అన్నారు. ఎందుకంటే డిక్షనరీ ఏ వరసలో వస్తుందో దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాంలు బోలెడు. ఆధారపడకూడదని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, అయినా పడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో 3.3 వచ్చినప్పుడు, అంటే రెండో అంకె మారినప్పుడు, తాళం వేసేశారు. మర్యాదగా ఉంది కదూ?

మర్యాదకు ఒక ధర ఉంటుంది. టార్ ఫైళ్ళ సంగతి చూడండి. చాలా ఫైళ్ళను ఒకే మూటగా కట్టేదే టార్. టార్ ఫైలు విప్పుతుంటే అందులోని ఫైలు మీరు చెప్పిన ఫోల్డరు దాటి వేరేచోటికి వెళ్ళి కూర్చోవచ్చు. ఈ లోపం నంబరు సీవీఈ-2007-4559. 2007! దానికి సరైన జల్లెడ 2023లో వచ్చింది. 3.11.4, 3.10.12 లాంటి పాత వరసలకు కూడా ఇచ్చారు, కానీ అడిగినవాళ్ళకే. అడగకపోయినా జల్లెడ పట్టడం 2025 అక్టోబరులో వచ్చిన 3.14 నుంచి. లోపం బయటపడ్డప్పుడు పుట్టిన పిల్లాడు ఇప్పుడు ఓటరు కార్డుకు దరఖాస్తు పెట్టుకుంటున్నాడు.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది నాకు బాగా ఇష్టం. కొందరు ఐపీ అడ్రసులు రాసేటప్పుడు ఎక్సెల్ షీట్‌లో వరస చక్కగా కనిపించాలని ముందు సున్నాలు పెడతారు. 192.168.001.010 అని. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పైథాన్ 3.8 దాన్ని ఒప్పుకుంది. సున్నాలు తీసేసి చదివేది. బాగానే ఉంది కదా?

ఇప్పుడు 010.8.8.8 తీసుకోండి. పైథాన్ దాన్ని 10.8.8.8 అని చదివింది. పదితో మొదలైతే అది లోపలి నెట్‌వర్క్ అడ్రసు, మనవాళ్ళే, రానివ్వండి అంది. కానీ సీ భాషలో ఉన్న పాత ఫంక్షన్లు ముందు సున్నా కనిపిస్తే ఆక్టల్ అనుకుంటాయి. ఆక్టల్‌లో 010 అంటే 8. అంటే వాటి లెక్కలో అది 8.8.8.8. అది గూగుల్ వాళ్ళ డీఎన్‌ఎస్, బయటి ప్రపంచం. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక పేరు చదివాడు, లోపలికి తీసుకెళ్ళినవాడు ఇంకో పేరు చదివాడు. 2021లో 3.9.5 వచ్చినప్పుడు ముందు సున్నా ఉంటే ఒప్పుకునేది లేదని తేల్చేశారు. తర్వాత 3.8.12కీ అదే ఇచ్చారు. ముచ్చటైన ఎక్సెల్ షీట్లవాళ్ళ స్క్రిప్టులన్నీ ఆ రోజు ఆగిపోయాయి. వాళ్ళు చేసిన తప్పేమైనా ఉందా? నిన్నటిదాకా పైథానే ఒప్పుకుంది. ఇక్కడే "బగ్ మాత్రమే సరిచేస్తాం, మీ పని చెడదు" అన్న మాట నిలబడదు. ఒకడికి బగ్ అయినది ఇంకొకడికి రోజూ వాడుకునే దారి.

వెబ్ అడ్రసుల్లో సెమీకోలన్ కథా ఇలాంటిదే. 3.9.1 దాకా ఆంపర్‌సాండ్ (&), సెమీకోలన్ (;) రెండూ అడ్రసులోని విలువల్ని విడగొట్టేవి, 3.9.2 నుంచి ఆంపర్‌సాండ్ ఒక్కటే. దాని మీద ఎక్కువ మాట్లాడను, టైమైపోతోంది.

ఇవన్నీ తెలిసి చేసిన మార్పులు. తెలియకుండా జరిగేవి వేరే. 2025 జూన్ 3న 3.13.4 వచ్చింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, జూన్ 11న 3.13.5. రెండు నెలలకోసారి రావాల్సినది వారంలో ఎందుకొచ్చింది? 3.13.4 ఎక్కించుకున్న విండోస్ సిస్టంలలో సీ ఎక్స్‌టెన్షన్లు, అంటే సీ భాషలో రాసిన లైబ్రరీలు, సరిగ్గా బిల్డ్ కాలేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, అది. ఇందులో వెక్కిరించాల్సింది ఏమీ లేదు. వారంలో సరిదిద్ది ఇచ్చారు. మనం రాసే కోడ్‌లో బగ్ దొరికితే ముందు టికెట్ ఎవరి పేరున ఉందో తేల్చుకోడానికే వారం పడుతుంది.

మరి ఏం చేయమంటారు, అప్‌డేట్ చేయొద్దా అని కొందరు చూస్తున్నారు. చేయండి. తప్పకుండా చేయండి. కానీ చేసే ముందు ఒక టీ తాగేంత టైములో చేంజ్‌లాగ్, అంటే ఆ విడుదలలో ఏమేం మారాయో రాసిన జాబితా, చదవండి. మొత్తం అక్కర్లేదు, వందల లైన్లుంటుంది. నేనైతే ముందు "సెక్యూరిటీ" అన్న శీర్షిక కింద ఉన్నది చదువుతాను. తాళాలు వేసేది అక్కడే. 3.10.7 చేంజ్‌లాగ్‌లో 4300 సంగతి అక్కడే, అందరికీ కనిపించేలా ఉంది. ల్యాబ్‌లో ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు. తర్వాత "నో లాంగర్" అన్న రెండు మాటల కోసం వెతుకుతాను. ఇంతకుముందు జరిగేది ఇక జరగదు అని చెప్పాల్సి వస్తే వాళ్ళు ఎక్కువగా ఆ మాటలే వాడతారు. ఇంకొకటి, మీ సర్వర్ల మీద వెర్షన్ రాసుకునేటప్పుడు "పైథాన్ 3.10" అని రాయకండి. మూడో అంకె కూడా రాయండి. ట్రూ, ఫాల్స్ తగువు గుర్తుంది కదా.

పాత వరసలు వాడేవాళ్ళకు ఒక మాట. ఒక్కో వరసకు ఐదేళ్ళ ఆయుష్షు. మొదట కొంతకాలం, 3.13 నుంచి రెండేళ్ళు, అన్ని బగ్‌లూ సరిచేస్తారు. ఆ తర్వాత భద్రతకు సంబంధించినవి మాత్రమే, అదీ సోర్స్ కోడ్‌గానే ఇస్తారు. విండోస్ ఇన్‌స్టాలర్ ఉండదు. "మా వెర్షన్‌కు అప్‌డేట్ రావడం లేదు సార్, అంటే బగ్‌లు లేవన్నమాట" అని ఒకాయన నాతో అన్నాడు. అప్‌డేట్ వచ్చింది నాయనా, నీకు ఇన్‌స్టాలర్ రాలేదంతే.

ప్రశ్నలు తీసుకుందాం. ఆ మూడో వరసలో, అడగమ్మా.

మంచి ప్రశ్న. వినపడనివాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నాను. 3.12లో ఈ మార్పిడిని వేగంగా చేసే కొత్త పద్ధతి వచ్చింది కదా, మరి 4300 హద్దు తీసేయొచ్చు కదా అని అడుగుతున్నారు. నిజమే. 3.12లో ఈ పనికి ఒక కొత్త ఫైలు చేర్చారు, పైథాన్‌లోనే రాసింది. పెద్ద సంఖ్యను సగానికి సగం విడగొట్టుకుంటూ పోతుంది. చాలా పెద్ద సంఖ్యలకు పాత పద్ధతి కన్నా ఎంతో నయం. కానీ అప్పటికీ అంకెలు రెట్టింపైతే పని రెట్టింపు కన్నా ఎక్కువే. కాబట్టి పొడుగాటి వయసు పంపేవాడి పని ఇంకా నడుస్తుంది, కాస్త ఎక్కువ పొడుగు రాయాలంతే. హద్దు అలాగే ఉంది. ఇంకోటి తెలుసా, ఆ హద్దును మీరు తగ్గించుకోవచ్చు కూడా, కానీ 640 కన్నా కిందికి ఒప్పుకోదు. 640 అంకెలు ఎవరికైనా సరిపోవాలి అని సోర్స్ కోడ్‌లో ఒక చతురు రాసి పెట్టారు. పాత కంప్యూటర్ల 640 కేబీ మెమరీ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు నవ్వుతున్నారు, మిగతావాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.

ఇంకెవరు? వెనక, ఆ నీలం చొక్కా. ఏంటి? ఆ అమ్మాయికి మార్కులు వేశారా అని అడుగుతున్నావా?

వేశానయ్యా, పూర్తి మార్కులు వేశాను. ఆ పిల్ల తప్పేముంది, 2000 అడిగింది నేను. 1500 అడిగి ఉంటే 4,115 అంకెలు, చక్కగా వచ్చేవి, నేనూ ఈ రోజు ఇక్కడ ఉండేవాణ్ని కాదు. రికార్డులో రెండు ఔట్‌పుట్లూ అతికించమన్నాను, ఆమెదీ పక్కబ్బాయిదీ, కింద పూర్తి వెర్షన్ నంబర్లు రాసి. ఆ అబ్బాయి ఔట్‌పుట్‌కే రెండు పేజీలు పట్టిందట.